కోల్‌కతాలో ఒక్కరోజు... బంతి వెంట!

సెలవులొస్తే చాలు, ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వినిపించే మాట ఒకటే... 'ఆ ఫోన్ పక్కన పెట్టరా!' పెట్టరు. లాక్కుంటే అలుగుతారు. జాలిపడి ఇచ్చేస్తే మళ్లీ అందులోకే దూరిపోతారు. విశాఖలో మా అక్కావాళ్లింట్లోనూ ఇదే గొడవ. తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనల్లుడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. కానీ ఆ ఫుట్‌బాల్ గడ్డి మీద ఆడేది కాదు, అరచేతిలో ఆడేది! 'నువ్వయినా వీడికి చెప్పరా' అంది అక్క. చెప్పడం కన్నా చూపించడం మేలనిపించింది. శుక్రవారం సాయంత్రం హావ్‌డా వైపు వెళ్లే రైలెక్కేశాం, నేనూ వాడూ.

కోల్‌కతాయే ఎందుకంటారా? మనదేశంలో ఫుట్‌బాల్‌ను పండగలా చేసుకునే ఊళ్లలో అది ముందుంటుంది. పైగా మనకు రైల్లో ఒక రాత్రి దూరం. శనివారమంతా తిరిగి రాత్రికి మళ్లీ రైలెక్కొచ్చు. లాడ్జి ఖర్చు కూడా లేదు!

గేమ్ చెడ్డదేం కాదు, కానీ...

రైల్లో వాడి ఆట కాసేపు చూశాను. బాగుంది, కాదనను. పాస్ ఇవ్వడం, ఖాళీ చోటు వెతకడం, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుసుకోవడం... మా రోజుల్లో ఇవన్నీ నేర్పే మాస్టారు ఎక్కడున్నారు? 1993లో మొదలైన ఫిఫా గేమ్ సిరీస్ మూడు దశాబ్దాల్లో ఎంతమంది పిల్లలకు ఈ ఆట నేర్పిందో! ఫిఫాతో ఒప్పందం ముగిశాక ఆ సిరీస్ 2023 నుంచి 'ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ' అన్న పేరుతో వస్తోంది. 2021లో వచ్చిన ఫిఫా 22లో మన ఇండియన్ సూపర్ లీగ్ జట్లకూ చోటిచ్చారు. మావాడికి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ పేర్లు తెలిసింది అలాగే.

నాకు నచ్చనిది ఒక్కటుంది. మంచి ఆటగాడు కావాలంటే డబ్బులు పెట్టి 'ప్యాక్' కొనాలి. లోపల ఎవరుంటారో ముందు తెలీదు. ఇది లాటరీ కాక మరేమిటి? బెల్జియం ప్రభుత్వ సంస్థ 2018లో ఇలాంటివాటిని జూదంగానే లెక్కగట్టింది. దాంతో ఆ దేశంలో ఫిఫా గేమ్ పాయింట్ల అమ్మకం 2019లో ఆగిపోయింది. పిల్లలు ఆడితే ఆడనివ్వండి, బ్యాంకు ఖాతాకు కట్టిన ఫోన్ మాత్రం వాళ్ల చేతికివ్వకండి. నా మాట ఇంతే.

పడవ దిగితే మైదానమే!

హావ్‌డా స్టేషన్ బయట పసుపుపచ్చ టాక్సీలవాళ్లు చుట్టుముడతారు. వాళ్లకి నమస్కారం పెట్టి, ఎదురుగా ఉన్న ఫెర్రీ ఘాట్‌కి వెళ్లండి. కొద్ది రూపాయల టికెట్‌తో హుగ్లీ నది మీదుగా బాబూఘాట్ చేరొచ్చు. పడవలోంచి చూస్తే హావ్‌డా వంతెన మొత్తం కళ్లకు నిండుగా కనిపిస్తుంది. 1943లో తెరిచిన ఈ వంతెనకి నది మధ్యలో ఒక్క స్తంభమూ ఉండదు. నట్టూ బోల్టూ లేకుండా, అంతా రివెట్లతో బిగించినదే. మావాడు ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తాడు. పది తీశాడు. ఆ తర్వాత తనంతట తానే ఫోన్ దించి చూస్తూ ఉండిపోయాడు. మంచి శకునమే అనుకున్నాను.

బాబూఘాట్‌లో దిగి నాలుగడుగులు వేస్తే ఈడెన్ గార్డెన్స్. దాని పక్కనే మోహన్ బగాన్ మైదానం. ఇంకాస్త ముందుకెళ్తే ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్. మావాడి ముఖం వాడిపోయింది. 'ఇదేనా మావయ్యా?' అన్నాడు. గేమ్‌లో వాడు చూసింది మిరుమిట్లు గొలిపే దీపాల స్టేడియం. ఇక్కడున్నది ఇనుప మెట్ల గ్యాలరీ, చిన్న గేటు, చెట్ల నీడ. మైదాన్ అనే ఈ విశాలమైన పచ్చిక సైన్యం అధీనంలో ఉంటుంది. అందుకే వందేళ్లు దాటిన క్లబ్బుల ఆఫీసులను కూడా ఇక్కడ 'టెంట్' అనే పిలుస్తారు.

అప్పుడు చెప్పాను వాడికి 1911 జులై 29 కథ. ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్. ఎదుట బూట్లు తొడిగిన బ్రిటిష్ సైనికుల జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్. ఇటు మోహన్ బగాన్ వాళ్లు పదకొండుమందిలో పదిమందివి ఉత్తకాళ్లే! ఒక గోలు వెనకబడి, చివర్లో రెండు కొట్టి 2-1తో గెలిచారు. షీల్డును గెలుచుకున్న తొలి భారతీయ జట్టు అదే. తెల్లదొరల్ని వాళ్ల ఆటలోనే ఓడించొచ్చని జనం నమ్మింది ఆరోజే. 'ఉత్తకాళ్లతోనా?' అన్నాడు వాడు, తన బూట్ల వంక చూసుకుంటూ.

ఇక్కడ పరుగు బటన్ లేదు

ముందురోజు వాన కురిసినట్టుంది, మైదాన్ అంతా బురద. పిల్లలు రెండు జట్లుగా ఆడుతున్నారు. చెప్పులే గోల్‌పోస్టులు. ఒక జట్టులో ఓ మనిషి తక్కువయ్యాడు కాబోలు, మావాణ్ని చేత్తో పిలిచారు. వీడికి బెంగాలీ రాదు, వాళ్లకి తెలుగు రాదు. బంతికి మాత్రం రెండూ అక్కర్లేదు కదా! వీడు ఫోన్ నా చేతికిచ్చి, బూట్లు విప్పి దిగాడు. ఆ ఫోన్‌ని వాడు అడక్కుండా నా చేతికివ్వడం అదే మొదటిసారి.

పది నిమిషాల్లో మూడుసార్లు పడ్డాడు. ఒక్క పాస్ మాత్రం బ్రహ్మాండంగా ఇచ్చాడు. ఎడమవైపు ఖాళీగా ఉన్న కుర్రాడికి, సరిగ్గా కాలి దగ్గరికి. అది గోలైంది. ఖాళీ చోటు చూడటం గేమ్ నేర్పిందే, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయాసం తట్టుకోవడం మాత్రం అది నేర్పలేదు. రొప్పుతూ వచ్చి, 'ఇక్కడ పరుగు బటన్ లేదు మావయ్యా!' అన్నాడు. వాడలా నవ్వడం చూసి చాలా రోజులైంది.

బలరామ్ ఎవరు మావయ్యా?

పక్కన మట్టి కప్పుల్లో టీ తాగుతున్న ఓ పెద్దాయన వచ్చీరాని హిందీలో, 'ఏ ఊరు బాబూ మీది?' అని అడిగారు. ఆంధ్రా అని చెప్పాను. హైదరాబాద్ పక్కనేగా అన్నట్టు తలూపి, 'బలరామ్! హబీబ్!' అంటూ రెండు చేతులూ జోడించారు. మావాడు తెల్లముఖం వేశాడు. వాళ్లు వాడి గేమ్‌లో లేరు మరి!

ఫోన్ తీసి వెతకమన్నాను. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఫోటో వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనదేశం నాలుగో స్థానం సాధించింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ రెండు జట్లలోనూ బలరామ్ ఉన్నారు. రెండింటికీ కోచ్ హైదరాబాద్‌కి చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమే. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. బలరామ్ ఈస్ట్ బెంగాల్‌కి ఆడి, కోల్‌కతా దగ్గరే ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఇక మహ్మద్ హబీబ్... హైదరాబాదీ. ఇక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడారు. 1977 సెప్టెంబరులో ఇదే ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టారు. ఆ మ్యాచ్ 2-2తో ముగిసింది. ఆయనా 2023లోనే వెళ్లిపోయారు.

'మరి మనకెందుకు తెలీదు?' అన్నాడు వాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. పరాయి ఊళ్లో టీకొట్టు దగ్గర చేతులెత్తి మొక్కుతున్న పేర్లు మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. గేమ్‌లో మనవాళ్లు లేరని కంపెనీల్ని తిట్టి లాభమేంటి, మన కబుర్లలోనే వాళ్లు లేనప్పుడు?

ఇలిషా... రొయ్యా?

ఆకలేస్తే ఎస్‌ప్లనేడ్ వైపు నడవండి. ఇక్కడ భోజనంలోనూ ఫుట్‌బాలే! ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య తినాలంటారు. గెలిచిన జట్టును బట్టి బజార్లో వాటి ధరలు పెరుగుతాయని చెప్పుకుంటారు. ఇలిష్ అంటే మరేదో కాదు, గోదావరి ఎదురీదే మన పులసే! ఆవపిండి ముద్దలో ఉడికించి పెడతారు. మన పులుసు రుచి నాలుక మీద ఉన్నవాళ్లకు కాస్త కొత్తగా ఉంటుంది. మావాడు 'ఏ టీమూ వద్దు' అని ఎగ్‌రోల్ తిన్నాడు.

ఎస్‌ప్లనేడ్‌లోనే ట్రామ్ ఎక్కించండి పిల్లల్ని. 1873లో గుర్రాలతో మొదలై 1902లో కరెంటుకు మారిన బండి ఇది. మైదాన్-ఎస్‌ప్లనేడ్ మార్గం తప్ప మిగతావన్నీ ఆపేస్తామని 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కాబట్టి రేపు చూద్దాంలే అనుకోకండి.

నది కిందనుంచి...

ఎస్‌ప్లనేడ్ నుంచి మెట్రోలో నేరుగా సాల్ట్‌లేక్ స్టేడియం స్టేషన్‌కి వెళ్లొచ్చు. హావ్‌డా నుంచి సాల్ట్‌లేక్ దాకా ఈ లైను పూర్తిగా కలిసింది 2025 ఆగస్టులో. మావాడు గేమ్‌లో చూసినలాంటి స్టేడియం ఇదే. 1997లో మోహన్ బగాన్-ఈస్ట్ బెంగాల్ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి 1.31 లక్షల మంది వచ్చింది ఇక్కడికే. బైచుంగ్ భూటియా మూడు గోల్స్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. 2017లో అండర్-17 ప్రపంచకప్ ఫైనల్ కూడా ఇక్కడే జరిగింది. 2011లో మెస్సీ అర్జెంటీనా జట్టుతో వచ్చి ఆడాడు. 2025 డిసెంబరులో మళ్లీ వచ్చినప్పుడు మాత్రం ఆడలేదు, కాసేపు కనిపించి వెళ్లిపోయాడు. వేలకు వేలు పోసి టికెట్లు కొన్న జనం కోపంతో కుర్చీలు విరిచారు. పీలే ఆడితే ఊరు గుర్తుపెట్టుకుంది, మెస్సీ చెయ్యి ఊపితే కుర్చీలు విరిగాయి. అభిమాని అడిగేది ఆటనే!

తిరుగు ప్రయాణంలో మెట్రో హుగ్లీ నది కిందనుంచి వెళ్తుంది. ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. హావ్‌డా స్టేషన్ దగ్గరే పైకి తేలతాం.

ఫోన్ ఎప్పుడు... ఎంత?

ఒక్కరోజు ప్రయాణాలకు నేను పెట్టుకున్న లెక్క ఇది. మూడు చోట్లకు మించి అనుకోవద్దు. పది చూస్తే ఒక్కటీ గుర్తుండదు. ఫోన్ దారి తెలుసుకోవడానికి, డబ్బు కట్టడానికి, తెలియని పేరు వెతకడానికి. ఈ మూడు పనులకి దానంత మంచి తోడు లేదు. బలరామ్ ముఖాన్ని మావాడికి చూపించింది ఆ ఫోనే మరి. కానీ దారిలో కనిపించే పెద్దాయన్ని పలకరించడానికి యాప్ లేదు, అది మనమే చేయాలి. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లలుంటే, వానాకాలంలో కలకత్తా లీగ్ మ్యాచ్‌లు మైదాన్‌లో జరిగే రోజులు చూసుకుని వెళ్లండి. 1898 నుంచి సాగుతున్న లీగ్ అది.

మావాడు గేమ్ మానేశాడా అంటే, లేదు. ఇప్పటికీ ఆడుతున్నాడు. కాకపోతే అందులో సొంతంగా ఆటగాళ్లను తయారుచేసుకునే వీలుంది కదా, కొత్తగా ఇద్దర్ని చేర్చాడు. ఒకరి పేరు బలరామ్. ఇంకొకరు హబీబ్. ఆదివారాలు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో ఇసుక మీద మాత్రం వాడే ఆడుతున్నాడు... ఉత్తకాళ్లతో!