షట్టర్ మీద పొరలు



"భూమి గురించి రాశావు, స్కాలర్‌షిప్పుల గురించి రాశావు, ఇప్పుడు షట్టర్ రంగు గురించి కూడా రాస్తావా అన్నా?" అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. రాస్తాను తమ్ముడూ. మన పేరు మీద ఖర్చు రాసిన ప్రతి రూపాయీ ఎక్కడో ఒక గోడ మీదో తలుపు మీదో కనపడాలి కదా. కనపడకపోతే ఎట్లా పట్టుకోవాలో మా పల్లె ఆడపిల్లలు ఈమధ్య నేర్చుకున్నారు. అది మీకూ పనికొస్తుందని ఈ వారం ఇది.

మా అంబేడ్కర్ భవనం 2012లో కట్టారు. కింద గది అచ్చం కారు షెడ్డే. మూడు వైపులా గోడలు, ముందంతా ఇనప షట్టర్. షాపుకి అద్దెకిస్తే కరెంటు బిల్లు వెళ్లిపోతుందని అట్లా కట్టారట. మాలపల్లెలోకి వచ్చి షాపు పెట్టేవాడెవడు? ఆరేళ్లు ఖాళీగా పడి ఉంది. తర్వాత పిల్లలే దాన్ని చదువుకునే గది చేసుకున్నారు. పొద్దున కానిస్టేబుల్ పరీక్షకీ డీఎస్సీకీ చదివేవాళ్లు, సాయంత్రం చిన్నపిల్లల ట్యూషన్. సముద్రం మాకు ఆరు కిలోమీటర్లు. ఉప్పుగాలికి ఇనుమన్నది ఏదీ ఆగదు.

పోయిన వానల తర్వాత షట్టర్ రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది. అరచేతంత ముక్కలు. చిన్నపిల్లలకి అవి పీకడం ఒక ఆట. ఒక పాప ఆ పెచ్చు నోట్లో పెట్టుకోవడం చూసి, ట్యూషన్ చెప్పే అమ్మాయి నాకు ఫోన్ చేసింది. విషయం మొదలైంది అక్కడ, అందచందాల దగ్గర కాదు.

ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో 2016లో రూల్స్ వచ్చాయి, 2017 నవంబర్ నుంచి అమల్లో ఉన్నాయి. మా షట్టర్ మొదటి రంగు 2012 నాటిది. అందులో సీసం ఉందో లేదో ల్యాబ్‌కి పంపే స్తోమత మాకు లేదు, అందుకని ఉందనే లెక్కలో పనిచేశాం. పిల్లల మెదడు మీద సీసం ప్రభావానికి ఇంతవరకైతే ఫరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాత రంగున్న ఏ తలుపునైనా పొడిగా గీకకండి. ఆ ధూళి పెచ్చు కంటే ప్రమాదం. నీళ్లు చల్లి తడిపి గీకాలి, కింద పట్టా పరవాలి, ఊడిందంతా మూటగట్టి పిల్లలకి అందని చోట పెట్టాలి.

ఈ ముక్క మా నాన్నకి ఎవరూ చెప్పలేదు. ఆయన ఊళ్లో పెద్ద కొంపల గేట్లకి రంగులు వేసేవాడు. అప్పట్లో ఇనుముకి మొదట సింధూరం పూసేవాళ్లు. రెడ్ లెడ్ అంటారు, ఉత్త సీసమే. పొద్దుటినుంచీ గీకీ గీకీ, మధ్యాహ్నం ఆ గేటు బయటే కూర్చుని, ఎవరో పైనుంచి దోసిట్లో పోసిన నీళ్లతో చేతులు తడిపి అన్నం తినేవాడు. సబ్బా? ఎవరిస్తారు? గేటుకి ఎన్ని వేల ఖర్చయిందో ఆ ఇంటాయన పదిమందికి చెప్పుకునేవాడు. "గీకినోడి పని ఎవడికీ కనపడదురా, అది సరిగ్గా లేకపోతేనే కనపడుద్ది" అనేవాడు నాన్న.

ఇక అసలు గొడవ. షట్టర్ మనమే బాగు చేసుకుందాం, ఆదివారం శ్రమదానం పెడదాం అన్నారు కొందరు మగపిల్లలు. డీఎస్సీకి చదివే ఒక చెల్లి లేచింది. "అన్నా, మూడేళ్ల కింద ఏప్రిల్ 14కి ముందు దీనికి రంగేశారు. డబ్బులు తీసుకున్నోడు తీసుకున్నాడు. ఇప్పుడు మనం ఊరికే గీకితే వాడి తప్పు మనం తుడిచినట్టే కదా? మన తాతలు చేసింది వెట్టి, మనం చేస్తే శ్రమదానమా?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ పిల్ల మాట నూటికి నూరుపాళ్లు సరైందనిపించింది. ఇప్పటికీ అదే అంటాను. మన వాడలో కాలవ పూడినా మనమే, బోరింగు చెడినా మనమే, ఆఖరికి సెల్ఫీ మాత్రం వాళ్లది. కానీ ఆ పాప నోటి సంగతీ ఉంది, ఆఫీసు కదిలేదాకా పెచ్చులు ఆగవు. అందుకని వరస పెట్టుకున్నాం. ముందు రుజువు, తర్వాత కాగితం, ఆ తర్వాతే గీకుడు. గీకే మేస్త్రీకి కూలీ. ఊరికే ఎవరూ చేయకూడదు.

రుజువు ఎట్లా తీశారో చెప్తాను, దీనికి ఖర్చు పది రూపాయలు కూడా కాదు. రంగు ఇంకా గట్టిగా ఉన్న చోటు చూసుకుని, నీళ్లలో తడిపిన వాటర్ పేపర్‌తో రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా అరగదీయాలి. మధ్యలో లోహం కనపడేదాకా అరగదీసి, అంచుల వైపు ఏటవాలుగా తేలిక చేసుకుంటూ రావాలి. అప్పుడు పొరలన్నీ ఉంగరాల్లా బయటపడతాయి. మధ్యలో లోహం, దాని చుట్టూ మొదటి పొర, దాని చుట్టూ రెండోది, అట్లా. పక్కన స్కేలు పెట్టి ఫోన్‌తో ఫోటో తీయడమే. షట్టర్ మీద ఐదు చోట్ల తీశారు పిల్లలు.

ఐదు చోట్లా ఒకటే కథ. లోహం, నీలం, తెలుపు, మళ్లీ నీలం.

ఆ తెలుపు సంగతి చెప్పాలి. పంచాయతీ ఆఫీసులకూ సచివాలయాలకూ వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు కూడా కాదనలేదు. మంచి తీర్పే. అదే ఊపులో మా నీలం కూడా పార్టీ రంగే అని ఒకాయన మా భవనానికి తెల్లరంగు కొట్టించాడు. షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ 1942లో పుట్టింది, దాని జెండా నీలం. ఇప్పుడున్న పార్టీల్లో చాలావాటికి అప్పటికి పేరు కూడా లేదు. చెబితే వినే మనిషి కాదులెండి. మూడేళ్ల కింద మళ్లీ నీలం వేయించుకున్నాం. ఇప్పుడు ఊడుతున్నది అది.

ఫోటోలు చేతిలో పెట్టుకుని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. చాలామంది "ఖర్చు వివరాలు ఇవ్వండి" అని అడిగి ఊరుకుంటారు. దానికి ఒక అంకె రాసి పంపేస్తారు, అయిపోయింది. అడగాల్సింది ఎస్టిమేట్ కాపీ, ఎం-బుక్ కాపీ. ఏ పని ఎన్ని చదరపు మీటర్లు, ఎన్ని కోట్లు చేశారో కొలిచి రాసి సంతకం పెట్టే పుస్తకం ఎం-బుక్. బిల్లు దాని మీదే పాస్ అవుతుంది. ఇంకో మాట. 2005 చట్టంలో సెక్షన్ 2(జె) చదవండి. కాగితాలే కాదు, జరిగిన పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సరుకు నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి. ఆ సెక్షన్ పేరు దరఖాస్తులో కనపడితే చాలు, ఎదుటి మనిషి కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

కాపీ వచ్చింది. పాత రంగు పూర్తిగా గీకి తీసేయడం, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక కోటు, నీలం ఎనామిల్ రెండు కోట్లు. పద్దు సబ్‌ప్లాన్. 2013లో ఎంతమంది పోరాడితే వచ్చిన చట్టం అది.

పాత రంగు పూర్తిగా గీకితే ఉంగరాల్లో తెలుపు ఎందుకుంది? రెడ్ ఆక్సైడ్ వేస్తే ఇటుకరంగు ఉంగరం ఎక్కడ పోయింది? ఈ రెండు ప్రశ్నలే పిటిషన్లో రాశాం. ఎనామిల్ రెండు కోట్లకి బదులు ఒకటే వేశారని కూడా రాద్దామన్నాడు ఒక తమ్ముడు. వద్దన్నాం. ఒకే రంగు రెండు కోట్లు ఉంగరంలో కలిసిపోతాయి, విడిగా కనపడవు. నిరూపించలేని ముక్క ఒక్కటి రాస్తే, దాన్ని పట్టుకుని మిగతా రెండూ కొట్టేస్తారు.

తర్వాత పెయింటర్ బాబాయ్‌ని పిలిచాం. ఆయనది మాదిగపల్లె. వర్గీకరణ మీద ఆయనా నేనూ ఫోన్లో గంటలు గంటలు కొట్టుకుంటాం, షట్టర్ దగ్గర మాత్రం ఆయన చెప్పిందే వేదం. ఎస్టిమేట్ చదివి వినిపిస్తే నవ్వాడు. "వాడు ఇందులో రాసింది రాసినట్టు చేసినా ఊడిపోయేదే" అన్నాడు.

లప్పం పట్టీతో ఒక పెచ్చు లేపి కింద చూపించాడు. ఎర్రతుప్పు లేదు. మెరుస్తున్న లోహం, దానిమీద తెల్లటి పొడి. "ఇది ఉత్త ఇనుము కాదురా, జీఐ రేకు. పైన జింకు పూత ఉంటది." నూనెతో చేసే ఎనామిల్ గానీ, రెడ్ ఆక్సైడ్ గానీ నేరుగా జింకు మీద వేస్తే, చెమ్మ తగిలేకొద్దీ ఆ నూనెకీ జింకుకీ మధ్య సబ్బు లాంటి పొర తయారవుతుంది. కెమిస్ట్రీ చదివేవాళ్లు దాన్ని సపోనిఫికేషన్ అంటారు. సబ్బు మీద ఏం నిలబడుతుంది? కొన్ని నెలలు బాగానే కనపడి, తర్వాత మొత్తం రేకులా లేచి వస్తుంది. కింద అడుగు పట్టీ, పక్క ఛానళ్లు మాత్రం మామూలు ఇనుము, వాటికి ఎర్రతుప్పు. అంటే ఒకే తలుపుకి రెండు రోగాలు, రెండు మందులు. ఎస్టిమేట్ రాసినాయన ఏ పాత ఫైలు నుంచో ఎత్తి రాశాడు, షట్టర్ ముఖం కూడా చూసి ఉండడు.

పని మూడు రోజులు. మొదటి రోజు ఉప్పు పోవడానికి మంచినీళ్లతో, సబ్బుపొడితో కడగడం, మళ్లీ కడగడం. తర్వాత తడి గీకుడు. ముక్కుకి మాస్కులు, చిన్నపిల్లలకి ఆ మూడు రోజులూ ట్యూషన్ చర్చి వరండాలో. లేచిందంతా తీశాం. గోరుతో గీకినా రాని చోట పాత రంగు ఉంచి, మెట్టులా కనపడకుండా దాని అంచులు అరగదీశాం. జింకు మీద ముతక పేపర్ వాడొద్దని బాబాయ్ మరీమరీ చెప్పాడు, పూత పోతే అక్కడ తుప్పు మొదలవుతుంది. అడుగు పట్టీకి వైర్ బ్రష్ పెట్టి తుప్పు రాల్చి, ఆ ఇనుముకి మాత్రం రెడ్ ఆక్సైడ్. బయటపడ్డ జింకుకి ఎచ్ ప్రైమర్. అది మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరకలేదు, కార్ల రంగులు అమ్మే షాపులో దొరికింది. పల్చగా ఒక్క కోటు, ఆరాక డబ్బా మీద రాసిన టైము లోపే ఎనామిల్. పొద్దున మంచు చెమ్మ ఆరాక మొదలుపెట్టి, ఎండకి రేకు కాలకముందే ఆపేయడం. కాలిన రేకు మీద రంగు పైపైన ఆరి లోపల బుడగలు కడుతుంది. మధ్యలో ఒక రాత్రి వదిలి రెండో కోటు.

ఛానళ్ల లోపల, పట్టీలు ఒకదానిలో ఒకటి దూరే మడతల్లో రంగు నిండకూడదట. నిండితే చుట్టేటప్పుడు అతుక్కుని పైరంగు లాక్కుపోతుంది. అందుకే ఆఖరి కోటు తర్వాత వారం రోజులు షట్టర్ పైకి ఎత్తనివ్వలేదు. పిల్లలు పక్క కిటికీ తీసుకుని మెట్లమీద కూర్చుని చదువుకున్నారు, పరీక్ష దగ్గర్లో ఉన్నవాళ్లు నన్ను తిట్టుకున్నారు కూడా.

బాబాయ్‌కీ, ఇద్దరు హెల్పర్లకీ రోజుకూలీ ఇచ్చాం. హెల్పర్లకి సగం ఇద్దామన్న మాట వచ్చింది, రంగు వేసేది మేస్త్రీ కదా అని. మూడు రోజుల్లో రెండు రోజులు గీకుడే ఉన్నచోట గీకినవాళ్లకి సగం ఏంటని ఆ డీఎస్సీ చెల్లే అడ్డం తిరిగింది. ముగ్గురికీ ఒకటే ఇచ్చాం. బాబాయ్ ముందు కొంచెం ముఖం మాడ్చుకున్నాడు, తర్వాత సరేలే అన్నాడు. సబ్బు, టవల్, తాగేనీళ్ల క్యాన్ విడిగా కొన్నాం, అవి కూడా బిల్లులో రాశాం. ఆ బిల్లు, కూలీల సంతకాలు, ఐదు ఉంగరాల ఫోటోలు, ఎం-బుక్ కాపీ కలిపి పైఆఫీసుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. ఆ కాంట్రాక్టర్ నుంచి రికవరీ చేయాలని, మేం పెట్టిన ఖర్చు భవనం ఖాతాకి జమ చేయాలని అడిగాం.

జవాబు ఇంకా రాలేదు. ఒకాయన మనిషిని పంపించి "ఇంత చిన్నదానికి ఎందుకు రాద్ధాంతం, కావాలంటే భవనం మొత్తానికి కొత్త రంగు వేయిస్తాం" అన్నాడు. వేయించండి, ముందు ఎస్టిమేట్ గోడకి అంటించండి, చదివాక చెప్తాం అంది చెల్లి. ఆ ఉంగరాల్లో ఒకటి, తాళం పక్కన ఉన్నది, రంగు వేయకుండా అట్లాగే వదిలేయమంది కూడా. తనిఖీకి ఎవరైనా వస్తే చూపించాలట. బాబాయ్ దానికి ఉప్పుగాలి తగలకుండా పైన పారదర్శకమైన వార్నిష్ పూశాడు.