సహకార ఫలము

ఉదయమున లేచి కాఫీ త్రాగనిదే పని తోచనివారు లోకమున కోట్లకొలది కలరు. పాలు చిక్కనివా, పంచదార చాలినదా అని విచారించువారే కాని, ఆ గింజ ఏ కొండమీద పండినది, దానిని కోసిన చేతికి ఏమి ముట్టినది అని విచారించువారు అరుదు. గ్లాసెడు కాఫీ వెనుక ఒక చెట్టును, చెట్టు వెనుక ఒక కుటుంబమును, కుటుంబము వెనుక ఒక ఊరును ఉన్నవి. ఆ ఊరు బాగుపడుటయు చెడుటయు ఆ గింజకు వచ్చు వెలనుబట్టియే యుండును.

విశాఖపట్టణమునుండి రైలులో పోవువారికి శృంగవరపుకోట దాటిన పిమ్మట తూర్పు కనుమలు ఎదురగును. బండి సొరంగములు దూరుచు, లోయల అంచులవెంట ప్రాకుచు, బొఱ్ఱా గుహలమీదుగా అరకు చేరును. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్న ఈ ప్రదేశమునందును, అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండలయందును కాఫీ తోటలు కలవు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇవి చేరియున్నవి. కొండదొరలు, భగతలు, గదబలు, పొరజలు మున్నగు గిరిజనులు ఇచ్చట నివసించుచున్నారు. వారిలో పెక్కుమందికి ఎకరము రెండెకరములకు మించి కాఫీ తోట లేదు.

క్రొత్తగా చూచువానికి ఈ తోట తోటవలె తోచదు, అడవివలెనే కనబడును. పైన సిల్వర్ ఓక్ చెట్లు, పనసలు, మామిళ్లు. వాని మ్రాకులకు ప్రాకిన మిరియపు తీగలు. ఆ నీడలో నిగనిగలాడు కాఫీ మొక్కలు. వేసవి తొలివానలు పడినంతనే కొమ్మలనిండ మల్లెలవంటి తెల్లని పూవులు పూయును. కొండ యంతయు పరిమళించును; తేనెటీగలు మూగును. పూచిన పూవు పండగుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. కార్తీకమాసము వచ్చుసరికి కాయలు ఎఱ్ఱబారును.

ఈ నీడ వట్టి అందము కొఱకు కాదు. అరబికా జాతి కాఫీకి ఎండ గిట్టదు. ఎండ తగిలిన చెట్టునకు కాండమును తొలుచు పురుగు త్వరగా పట్టును. నీడనిచ్చు చెట్ల ఆకులు రాలి నేలకు ఎరువగును. వాని వేళ్లు వానకు మట్టి కొట్టుకొనిపోకుండ పట్టియుంచును. పోడు వ్యవసాయమున అడవిని నఱికి కాల్చి, రెండు మూడేండ్లు పండించి, నేల సారము తగ్గగానే మఱియొక చోటికి పోవలసియుండెడిది. కాఫీ నాటిన రైతు అట్లు పోనక్కరలేదు. చెట్టు ఉన్నంతకాలమే పంట. కావున చెట్టును కాచుట తన పొట్టను కాచుకొనుటయే యైనది.

అయినను చెట్టు కాచినంతమాత్రమున రైతు బ్రదుకు బాగుపడదు. వానకాలమున ఇంట గింజలు నిండుకొనును. షావుకారు బియ్యమో రొక్కమో అప్పిచ్చి, రాబోవు కాఫీ తనకే యమ్మునట్లు మాట తీసికొనును. పంట చేతికి రాకముందే వెల నిర్ణయమైపోవును. ఆ వెల చెప్పినవాడు కొనువాడే, తూచువాడును వాడే, లెక్క వ్రాసికొనువాడును వాడే. తక్కెడ యొకని చేతిలోనే యుండగా న్యాయము జరుగునని ఎట్లు నమ్మవచ్చును? అప్పుల తొందరచే రైతు పండును పచ్చికాయను కలిపి కొమ్మ దూసి అమ్ముకొనును. అట్టి సరకునకు మంచి వెల రాదు. వెల రానందున శ్రద్ధ పుట్టదు. శ్రద్ధ లేనందున వెల పెరుగదు. ఈ సుడిలో చిక్కినవాడు ఒంటరిగా ఈది గట్టెక్కుట కష్టము.

ఒంటరివాడు చేయలేనిదానిని పదుగురు చేయగలరు. 1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పనివారు తలకొంత సొమ్ము వేసికొని చిన్న యంగడి తెఱచి, సహకారోద్యమమునకు దారి చూపిరి. మన కొండలలో గిరిజనుల సరకులు కొనుటకు 1956లో గిరిజన సహకార సంస్థ వెలసినది. 1995లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరస్పర సహాయ సహకార సంఘముల చట్టమును చేసినది. సభ్యులే సొమ్ము కూర్చి, సభ్యులే పాలకులను ఎన్నుకొని, తమ సంఘమును తామే నడపుకొనుటకు ఆ చట్టము వీలు కల్పించినది. దానిని ఆధారము చేసికొని, నాంది ఫౌండేషను తోడ్పాటుతో, అరకు ప్రాంతపు చిన్నకారు గిరిజన రైతులు తమకొక సంఘమును ఏర్పఱచుకొనిరి.

ఇట్టి సంఘములో కాఫీ కోతనాటి పని మిక్కిలి నియమముతో జరుగును. కొమ్మ దూయరాదు, ఎఱ్ఱనిపండును మాత్రమే ఏరి కోయవలెను. ఒక్క చెట్టునందలి పండ్లన్నియు ఒక్కమారు పండవు గనుక, ఆ చెట్టుకడకే మూడు నాలుగు పర్యాయములు పోవలసియుండును. కోసిన పండ్లను నలుగురి యెదుట తూచి, తూకము వ్రాసిన చీటిని రైతున కిత్తురు. పండ్లను నీటిలో పోయగా తాలువి పైకి తేలును; వానిని తీసివేయుదురు. ఆనాడే యంత్రమున తొక్కదీసి, జిగురు విడుటకు పులియనిచ్చి, మంచినీట కడిగి, ఎత్తైన తడకలమీద ఆరబెట్టుదురు. సుమారు ఆరు కిలోల పండ్లకు ఒక కిలో గింజ తేలును.

సంఘము ఊరి తక్కెడను చక్కజేయగలదు. కాని కాఫీ వెల ఊరిలో నిర్ణయము కాదు. అరబికా వెలను సముద్రముల ఆవల న్యూయార్కు విపణి నిర్ణయించును. వివిధ దేశములు ఎంతెంత కాఫీ ఎగుమతి చేయవలెనో నిర్ణయించు ఏర్పాటొకటి పూర్వముండెడిది. 1989 జూలైలో అది విచ్ఛిన్నమైనది. వెలలు కూలినవి. ఎన్నడును న్యూయార్కును చూడని రైతులు తమ తప్పు లేకయే అప్పులపాలైరి.

అట్టి యాపదకు విఱుగుడు అప్పటికే యొకచోట మొలకెత్తియుండెను. మెక్సికో దేశమున ఒహాకా కొండలలో ఆదివాసి కాఫీ రైతులు సంఘముగా కూడిరి. తమకు దానము వలదనియు, న్యాయమైన వెల చాలుననియు వారు కోరిరి. 1988లో హాలండు దేశమున ఆ రైతుల కాఫీని ‘మాక్స్ హావెలార్’ అను ముద్రతో అమ్మ మొదలిడిరి. జావాద్వీపపు కాఫీ రైతుల కడగండ్లను తెలిపిన 1860 నాటి డచ్చి నవల పేరది. ఆ మొలకయే నేడు ఫెయిర్‌ట్రేడ్, అనగా న్యాయవ్యాపారము, అను పేర పెరిగినది. దాని నియమము సులభమైనది. విపణిలో వెల యెంత పడిపోయినను, కొనువాడు కనీసధరకు తక్కువ ఈయరాదు. విపణి వెల ఎక్కువయైనచో ఆ యెక్కువనే ఈయవలెను. 2023లో కడిగిన అరబికా గింజకు ఆ కనీసధరను పౌనుకు 1.80 డాలర్లుగా నిర్ణయించిరి. సేంద్రియముగా పండించినచో మఱి 40 సెంట్లు చేరును. ఇవిగాక 20 సెంట్లు సంఘపు ఉమ్మడినిధికి రావలెను. ఆ నిధిని బడికి వాడవలెనా, బాటకు వాడవలెనా, యంత్రమునకు వాడవలెనా అనుట సభ్యులు సభలో తేల్చుకొందురు. అయితే పండిన కాఫీ యంతటికిని ఇట్టి కొనుగోలుదారులు దొరకరు. ముద్ర యున్నను గింజ మంచిదైననే గిరాకి.

అరకు సంఘము న్యాయవ్యాపారపు ముద్రను, సేంద్రియపు ముద్రను కూడ పొందినది. సేంద్రియమనగా రసాయనపు ఎరువులును, పురుగుమందులును వాడకుండుట. పశువుల పేడయు, కాఫీ తొక్కయు, రాలినయాకును కలిపి మాగబెట్టిన ఎరువే చెట్టునకు ఆహారము. మూడేండ్లు ఈ నియమము పాటించినపిమ్మటనే ముద్ర లభించును. చిన్నరైతు ఒక్కడే దాని ఖర్చు భరింపలేడు గనుక సంఘమంతటికి కలిపి పరీక్ష జరుగును. సభ్యులలోనివారే ముందుగా ఒకరి తోట నొకరు పరిశీలింతురు. ఇందలి చిక్కు గమనింపదగినది. ఒక్క రైతు దొంగచాటుగా మందు చల్లినను అందఱి ముద్రకును ముప్పు వాటిల్లవచ్చును. ఒకని బుట్టలోని పచ్చికాయలు పదిమంది గింజల రుచిని చెడగొట్టును. కావున సంఘమున తక్కెడ సరియైనంత చాలదు. మనసులును సరిగా నుండవలెను.

ఆ పరీక్ష పుస్తకములలో కాదు, ఇంటి వాకిట జరుగును. ఇంట బిడ్డకు జ్వరము. చేతిలో పైకము లేదు. సంఘపు సొమ్ము పూర్తిగా వచ్చుటకు ఇంకను కొన్నాళ్లు పట్టును. వాకిట దళారి రొక్కముతో నిలిచియున్నాడు. “నీ బస్తా నాకిచ్చివేయుము, ఎవరికి తెలియును?” అనును. ఆ రైతు తడబడినచో అతనిని నిందించుట సులభము. అతని స్థానమున నిలుచుట కష్టము. తెలివిగల సంఘము ఇట్టివేళ అతనికి నీతి బోధింపదు. ముందుగా కొంత సొమ్ము చేబదులిచ్చును. ఇరుగుపొరుగువారు వెంటనుందురు. నమ్మకము మాటలవలన పుట్టదు, ఆపదలో ఆదుకొనుటవలన పుట్టును.

వెల పడినపుడే కాదు, పెరిగినపుడును ఈ పరీక్ష తప్పదు. 2025 ఫిబ్రవరిలో అరబికా వెల విపణిలో పౌనుకు 4 డాలర్లను మించినది. అట్టి సమయమున దళారులు ఎక్కువ వెల చూపి సరకును ఎగరవేసికొని పోవ జూతురు. సభ్యులు తలకొక దారి పట్టినచో సంఘము ఇచ్చిన మాట నిలువదు; మఱుసటియేట వెల కూలినపుడు ఆదుకొనుటకు సంఘమే యుండదు. వానవెలిసినదని గొడుగును పాఱవేయువాడు తెలివిగలవాడు కాడు.

2017లో ఫ్రాన్సు రాజధానియగు పారిసు నగరమున అరకు పేరుతోనే కాఫీ అంగడి తెఱవబడినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఒకనాడు షావుకారు బస్తాలో పేరులేక కలిసిపోయిన గింజకు నేడు సొంత పేరున్నది. పేరు వచ్చుట గొప్ప; దానిని నిలుపుకొనుట అంతకన్న గొప్ప.

ఆ పేరు అంగడి పలకమీద నిలిచియుండుట లేదు. మంచు విడువని వేకువను బుట్ట చంకనిడుకొని తోటకు పోయిన గిరిజనస్త్రీ, కొమ్మ వంచి, పది కాయలలో ఎఱ్ఱనిదానిని మాత్రమే కోసి, పచ్చిదానిని రేపటికి విడుచుచున్నది. చూచువారెవరును లేరు. అయినను ఆమె వ్రేళ్లు తొందరపడవు. ఆ విడిచిన కాయలోనే ఆమె సంఘపు గౌరవమున్నది.