తుపాకికి బొట్టు పెడితే స్ప్రింగు అరగదా?

బస్తర్ దసరా 75 రోజుల పండగ. రావణుడితో పని లేదు, అంతా దంతేశ్వరీ దేవిదే. ఓరుగల్లు కూలాక అన్నమదేవుడు బస్తర్ వెళ్ళి రాజ్యం స్థాపించాడు కాబట్టి ఆ పండగకి మనతోనూ చుట్టరికం ఉంది. దసరాకి అక్కడి పోలీసులు ఆయుధపూజ కూడా చేస్తారు. తుపాకులకి బొట్లు, పూలు, నిమ్మకాయలు.

అక్కడ చాలాకాలం పోలీసు ఉద్యోగం చేసిన మా మేనత్త కొడుకు ఒకసారి అన్నాడు: "పూజ చేసిన పిస్తోలు నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు బావా."

"పూజకి ముందు ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఏముంది, ఆర్మరర్ అన్నీ విప్పి, తుడిచి, నూనె రాస్తాడు. నీరసించిన స్ప్రింగులు మారుస్తాడు."

జవాబు అతనే చెప్పేశాడు! పని ఆర్మరర్ చేశాడు, పేరు దేవికి వచ్చింది. తేల్చుకోవడం సులువే. పది పిస్తోళ్ళకి మరమ్మత్తు చేసి పూజ మానెయ్యండి. ఇంకో పదింటికి పూజ చేసి మరమ్మత్తు మానెయ్యండి. రెండో రకం నడుముకి కట్టుకుని అడవిలోకి వెళ్ళడానికి ఏ భక్తుడూ ఒప్పుకోడు. పైగా నిమ్మరసం ఆమ్లం. వానాకాలపు తేమకి అదీ తోడైతే ఉక్కుకి తుప్పే.

ఐతే పూజ నమ్మనివాళ్ళకీ వేరే మూఢనమ్మకాలున్నాయి. అతని చేతిలో ఉన్నది ఇషాపూర్ ఫ్యాక్టరీలో బ్రౌనింగ్ నమూనాలో చేసిన 9 ఎం.ఎం. పిస్తోలు. దానికి "గట్టి స్ప్రింగు వేస్తే ఎక్కువకాలం మన్నుతుంది" అని తోటివాళ్ళు చెప్పేవారట. స్ప్రింగు మరీ గట్టిదైతే పేలినప్పుడు స్లైడు పూర్తిగా వెనక్కి రాదు. ఖాళీ తూటా గొట్టం బయటపడదు, పిస్తోలు ఇరుక్కుపోతుంది. గట్టిదనం వేరు, మన్నిక వేరు. ఆ తుపాకికి లెక్కగట్టిన బలమే ఉండాలి, తీగె మాత్రం నాణ్యమైనది కావాలి.

ఇంకోటి, "మ్యాగజైన్ నింపి ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుంది" అని. మంచి ఉక్కు స్ప్రింగుని దాని హద్దు దాటకుండా నొక్కి ఉంచితే పెద్దగా నీరసించదు. వేలసార్లు నొక్కి వదిలితేనే అలిసిపోతుంది. అందుకే ఆర్మరర్‌కి పంచాంగం కన్నా ఎన్ని తూటాలు పేలాయో రాసిన పుస్తకం ముఖ్యం.

పండగ చేసుకోవద్దని నేననను. విడిభాగం విషయంలో మాత్రం మూడు ప్రశ్నలు చాలు: దేనితో చేశారు? ఎన్నిసార్లు వాడి చూశారు? ఎప్పుడు మార్చారు? వీటికి జవాబు లేనప్పుడు ఆ పిస్తోలుని నమ్ముకుని వెళ్ళేవాడి ప్రాణానికి బొట్టు పూచీ పడదు.