ట్రక్కు మీది ఇల్లు

ట్రక్ క్యాంపర్ అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు చెప్పేస్తాను. పికప్ ట్రక్కు ఉంటుంది కదా, దాని వెనక తొట్టిలో కూర్చునే చిన్న ఇల్లన్నమాట. దానికి చక్రాలుండవు. నాలుగు మూలలా జాకీలతో పైకెత్తి, కిందకి ట్రక్కుని రివర్సులో తెచ్చి, నెమ్మదిగా దింపుతారు. లోపల స్టవ్వు, సింకు, ఐసు పెట్టె, బల్ల, డ్రైవరు నెత్తి మీదకి పొడుచుకొచ్చిన అరలో పడక. జాన్ స్టైన్‌బెక్ అనే రచయిత 1960లో చార్లీ అనే కుక్కని వెంటబెట్టుకుని ఇలాంటి దాన్లోనే అమెరికా అంతా తిరిగి పుస్తకం రాశాడు. ఆ బండి ఇప్పటికీ కాలిఫోర్నియాలో, సాలినాస్ ఊళ్ళో ఆయన పేరు మీదున్న మ్యూజియంలో ఉంది. మేం వెళ్ళి చూశాం. తంటా అంతా అక్కడే మొదలయింది.

మా ఆయన ఆరొందల డాలర్లు పోసి 1972 నాటి క్యాంపర్ ఒకటి పట్టుకొచ్చారు. "లీకులేం లేవు, అంతా సీలు చేసేశాను" అన్నాట్ట అమ్మినాయన. మేముండేది ఆరెగాన్‌లో. ఇక్కడ శీతాకాలమంతా వానే. యాభై ఏళ్ళు ఈ వానలో నిలబడ్డ చెక్క డబ్బా కారకుండా ఉంటుందా అని నాకు అప్పుడే అనుమానం. ఇంకో సంగతి, మా ఆయనకి మేకు తిన్నగా కొట్టడం రాదు. వడ్రంగి కొడుకే, అయినా రాదు. "నువ్వు చదువుకో" అని మావయ్యగారు ఆయన్ని ఉలి ముట్టుకోనివ్వలేదు.

మావయ్యగారు ఆ ఏప్రిల్‌లో వచ్చారు. తణుకు దగ్గర పల్లెటూరు వాళ్ళది. బళ్ళు చేశారు, ద్వారబంధాలు చేశారు, మా పెళ్ళి మంచం కూడా ఆయనే చేశారు. అత్తయ్యగారు పోయాక అన్నదమ్ములిద్దరూ కలిసి పని మానిపించేశారు. కొడుకులిద్దరూ ఇంతింత సంపాదిస్తుంటే డెబ్భై ఏళ్ళ తండ్రి ఎండలో రంపం లాగడమేంటి, ఊళ్ళో ఏమనుకుంటారు అని. పనిముట్ల పెట్టె ఆయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి ఇప్పించేశారు. ప్రేమతోనే చేశార్లెండి.

వచ్చిన పది రోజులకే టికెట్టు ముందుకి జరపమని అడగడం మొదలుపెట్టారు. పొద్దున్నే లేచి స్నానం చేసి, సోఫా చివర అంచు మీద కూర్చునేవారు, బస్సు కోసం కూర్చున్నట్టు. "ఏం పెట్టమంటారు మావయ్యగారూ" అంటే "నీకేది వీలైతే అదేనమ్మా" అనేవారు. టీవీ పెడితే చూసేవారు, ఆపేస్తే ఆపేసిన టీవీని చూసేవారు. ఆ కూర్చోవడం చూస్తే నాకు గుండెల్లో ఏదోలా ఉండేది.

మే నెలలో మా ఆయన క్యాంపర్ ముందు భాగం విప్పారు. మూలల్లో ఉండే అల్యూమినియం పట్టీల స్క్రూలు తీసి రేకు లాగేసరికి లోపలి చట్రం కాఫీ పొడిలా రాలింది. ఎలుకలు ఆ పసుప్పచ్చ ఫైబర్‌గ్లాస్ దూదిలో కాపురాలు పెట్టి వెళ్ళిపోయాయి. ముందువైపు పైన వరసగా ఉండే చిన్న నారింజరంగు దీపాల కింద పుట్టీ ఎండిపోయి, నీళ్ళు అక్కణ్ణుంచి దిగాయి. అమ్మినాయన చేసిన సీలంతా పైపైన పూసిన సిలికాన్. అది గీకందే దాని మీద ఇంకేదీ అంటుకోదు.

మా ఆయన కుళ్ళిన చెక్కలన్నీ చెత్తబుట్టలో వేస్తుంటే కిటికీలోంచి చూస్తున్న మావయ్యగారు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వచ్చేశారు.

"ఒరే, పారేయకు. కుళ్ళిందైనా కొలత చెబుతుంది."

నిజమే. ఆ ముక్కల్ని ప్లైవుడ్ మీద పెట్టి గీత గీసుకుంటేనే వంపు సరిగ్గా వస్తుంది. అప్పట్నుంచి ప్రతి ముక్కకీ టేపు వేసి నంబరు రాశారు. నంబర్లు రాసే పని నాది. మావయ్యగారు తెలుగులో చెప్పేవారు, "కుడి పక్క, దీపం కింద, రెండోది" అని. నేను అలాగే రాసేదాన్ని.

చట్రం చూసి ఆయనకి నవ్వాగలేదు. సన్నటి పైన్ బద్దలు, వాటిని పట్టి ఉంచేవి స్టేపుల్ పిన్నులు. "ఇది ఇల్లా, అగ్గిపెట్టా?" అన్నారు. షాపులో కొత్త చెక్క కొంటే ఇంకో వింత. ఒకటి బై రెండు అంగుళాలని పేరు, టేపు పెడితే ముప్పావు బై ఒకటిన్నర. ఈ దేశంలో అదే పద్ధతని మా ఆయన ఎంత చెప్పినా మావయ్యగారు ఒప్పుకోలేదు. "పేరు రెండు, సరుకు ఒకటిన్నరా? మా అడితిలో ఇలా చేస్తే తన్నేవాళ్ళు." ఇప్పటికీ ఆ షాపు మీద ఆయనకి కోపమే.

గట్టి చెక్క వేద్దామన్నది ఆయన మొదటి మాట. ట్రక్కు మోయగలిగే బరువు ఇంతేనని తలుపు పక్క స్టిక్కరు చూపించారు మా ఆయన. క్యాంపర్ బరువు వెనక ఇరుసు దాటి వెనక్కి పడితే ముందు చక్రాలు తేలికైపోయి స్టీరింగ్ మాట వినదని చెప్పారు. యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నదంతా ఏకరువు పెడుతుంటే మావయ్యగారు మధ్యలోనే అందుకున్నారు.

"ఎడ్లబండీ అంతే కదరా. బరువు వెనక్కి పడితే కాడి లేస్తుంది. ముందుకి పడితే ఎద్దు మెడ పుండవుతుంది. బరువు ఎక్కడుండాలో ఇరుసు చెబుతుంది."

అయిపోయింది. ఇక బరువు గురించి వాదన లేదు. పైన్ బద్దలే వేశారు. కానీ పిన్నులు మాత్రం ఒప్పుకోలేదు. సగం ఇందులో, సగం అందులో చెక్కి, జిగురు పెట్టి, స్క్రూ బిగించి అతికారు.

ఒకరోజు బాగా ఎండగా ఉంటే మా ఆయన "నాన్నా, నువ్వు లోపలికెళ్ళి కూచో, నేను చూసుకుంటా" అన్నారు. నేను మజ్జిగ తెచ్చి అక్కడే నిలబడ్డాను. మావయ్యగారు తలెత్తలేదు.

"కూచోబెట్టి ఆరేళ్ళయింది కదరా. పెట్టె ఇచ్చేయమన్నారు, ఇచ్చేశాను. ఇవ్వడం నీకిష్టమేనా అని నన్నెవరూ అడగలేదు."

మామూలుగానే అన్నారు, కోపం లేదు. మా ఆయన ఏమీ అనలేదు. ఆ శనివారం మాత్రం ఇద్దరూ గరాజ్ సేళ్ళు తిరిగి ఒక పాత చిత్రిక, మూడు ఉలులు తెచ్చారు. రాత్రి పదకొండింటిదాకా మావయ్యగారు వంటింట్లో వాటిని రాయి మీద నూరుతూనే ఉన్నారు. సింకంతా తుప్పు నీళ్ళు. కడుక్కోవడం నా వంతు, నేనేం అనుకోలేదు.

టికెట్టు మాట మళ్ళీ రాలేదు.

సెప్టెంబరుకల్లా కొత్త చట్రం, మధ్యలో ఫోమ్ పలకలు, పైన పాత రేకే. ప్రతి పట్టీ కిందా మెత్తటి బ్యూటైల్ టేపు. ఇక నీళ్ళ పరీక్ష. "మీరు పైన నీళ్ళు కొట్టండి, నేను లోపలుంటా" అని మావయ్యగారు టార్చిలైటు పట్టుకుని ఆ పై అరలోకి పాకి వెల్లకిలా పడుకున్నారు. గంటసేపు పైపుతో కొట్టాం. ఇంక చాల్లే అనుకుంటుండగా లోపల్నుంచి అరిచారు, "ఎడమ దీపం!" ఒక్కటే బొట్టు. మర్నాడు ఆ దీపం ఊడదీసి, గీకి, మళ్ళీ పెట్టారు తండ్రీ కొడుకులు.

అక్టోబరు మొదట్లో ఆయన వెళ్ళిపోయారు. గ్యాసు గొట్టాలు, వైర్లు ఇంకా మిగిలే ఉన్నాయి. నెల తిరక్కుండా హైదరాబాదు నుంచి మా మరిది ఫోను. నాన్న ఆ కుర్రాడి షెడ్డుకి రోజూ పొద్దున్నే వెళ్ళి కూర్చుంటున్నారని, పాత పెట్టెలోంచి రెండు ఉలులు వెనక్కి అడిగి తీసుకున్నారని, ఊళ్ళో అందరూ చూస్తున్నారని. "నువ్వైనా చెప్పన్నయ్యా."

మా ఆయన స్పీకరు పెట్టి, స్టవ్వు గొట్టం జాయింటుకి సబ్బునీళ్ళు పూస్తున్నారు, బుడగలొస్తే గ్యాసు లీకవుతున్నట్టు. ఆయన కళ్ళు అక్కడే ఉన్నాయి.

"ఏ ఉలులు తీసుకున్నార్రా?" అన్నారు.