తీగ తెగిన చోటు

హైదరాబాదు నుండి ముంబయి వైపు సాగే జాతీయ రహదారి వెంట పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి వరకు పరిశ్రమలు వరుసగా విస్తరించి ఉన్నాయి. అక్కడ ఒక యంత్రం ఆగిపోతే దానిని ఎవరూ పారవేయరు. లోపం ఎక్కడ ఉన్నదో ముందుగా కనిపెట్టి, ఆ భాగాన్ని మాత్రమే బాగుచేస్తారు. అయితే అదే మనిషి ఇంటికి రాగానే, చెడిపోయిన చిన్న వస్తువును చెత్తబుట్టలో వేయడానికి క్షణమైనా ఆలోచించడు. ఇస్నాపూరులో అద్దె ఇంట్లో నివసించే ఒక ఫిట్టరు మాత్రం ఆ కోవకు చెందినవాడు కాడు.

కరోనా కాలంలో, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ల ద్వారా విద్యార్థులకు డిజిటల్ పాఠాలు ప్రారంభమయ్యాయి. ఆ ఇంట్లో కుమారుడు టీవీ ముందు, ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న కుమార్తె ఫోను ముందు కూర్చునేవారు. ఒకే గదిలో రెండు పాఠాలు కలగలిసిపోకుండా ఆమెకు హెడ్‌ఫోనే ఆధారం. కొన్నాళ్లకు దాని ఎడమవైపు మూగబోయింది. జీతం తగ్గిన ఇంట్లో కొత్తది అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. కుడివైపు శబ్దాన్ని బాగా పెంచుకొని వినసాగింది.

ఆమె తీగను వేలితో వంచి పట్టుకొని కూర్చోవడం ఒకనాడు తండ్రి కంటబడింది. వెంటనే హెడ్‌ఫోనును చేతిలోకి తీసుకున్నాడు. “తెగింది ఎక్కడో తెలియకముందే కత్తెర ముట్టొద్దు బిడ్డా” అన్నాడు.

మొదట దానిని మరొక ఫోనుకు తగిలించి చూశాడు. అక్కడా ఎడమవైపు పలకలేదు. కనుక లోపం ఫోనులో లేదు. తరువాత తీగను జానెడు జానెడుగా వంచుతూ రమ్మని కుమార్తెకు చెప్పాడు. ఏళ్ల తరబడి పవర్ ప్రెస్ పక్కన పనిచేసిన ఆయన చెవికి సన్నని శబ్దాలు అందవు. జాక్ సమీపానికి రాగానే ఆమె, “నాయినా, ఇక్కడ గరగరమంటున్నది” అన్నది.

చెవి చెప్పిన మాటను ఆయన మల్టీమీటరుతో సరిచూశాడు. మైకు ఉన్న హెడ్‌ఫోను జాక్‌పై నాలుగు లోహపు భాగాలుంటాయి. నేటి ఫోన్లలో సాధారణంగా మొన ఎడమ చెవికి, రెండవది కుడి చెవికి, మూడవది రెండింటికీ ఉమ్మడి తీగకు, నాలుగవది మైకుకు చెందుతాయి. కుడివైపు మీటరు సుమారు 32 ఓములు చూపింది. ఎడమవైపు ఏమీ చూపలేదు. కాని జాక్ వద్ద తీగను వంచగానే అంతే విలువ ఒక్కసారి కనిపించి మాయమైంది. అంటే చెవి భాగంలోని తీగచుట్ట సజీవంగానే ఉన్నది. ఒకే చోట మాటిమాటికీ వంగిన రాగితీగ మాత్రమే తెగింది.

తెగిన చోటికి అంగుళం ఎగువన తీగను కోసి, చవకగా దొరికే కొత్త జాక్‌ను తెచ్చాడు. దాని తొడుగును ముందే తీగలోకి ఎక్కించాడు. ఆ సంగతి మరచిపోతే అతికించినదంతా మళ్లీ ఊడదీయవలసి వస్తుంది. లోపలి సన్నని తీగలపై ఉన్న రంగు అందానికి కాదు. అది విద్యుత్తును అడ్డుకొనే పూత. దానిని తొలగించనిదే టంకం అంటదు. పొగ పోవడానికి కిటికీ తెరిచి, ఒక్కొక్క తీగనూ దాని స్థానంలో అతికించాడు. టంకంలో సీసం ఉండవచ్చు కనుక పని ముగిశాక చేతులు శుభ్రంగా కడుక్కున్నాడు. మీటరుతో మరల పరీక్షించిన తరువాతే తొడుగు బిగించాడు.

ఇంట్లో ఇటువంటి పని చేయడం హెడ్‌ఫోనుకు కొత్త కాదు. 1910లో అమెరికాలోని యూటాలో నథానియెల్ బాల్డ్విన్ తన వంటింట్లోనే హెడ్‌ఫోన్లను తయారుచేసి ఆ దేశ నౌకాదళానికి అందించాడు.

రెండు చెవులలోనూ పాఠం వినిపించగానే కుమార్తె ముఖం వికసించింది. తండ్రి మాత్రం ఫోను అందుకొని శబ్దాన్ని సగానికి తగ్గించాడు. పెద్దలకు సైతం వారానికి 40 గంటలపాటు 80 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో మరల పుట్టవు. ఆ సంగతి ఆయనకు పుస్తకాల వల్ల తెలియలేదు.

“వైరు తెగితే నేను అతికిస్తా బిడ్డా. చెవి పోతే ఎవ్వరూ అతికియ్యలేరు” అన్నాడు.

బాగుచేయగలిగిన దానిని పారవేయకపోవడం పొదుపు. బాగుచేయలేని దానిని ముందుగానే కాపాడుకోవడం వివేకం. ఆ సాయంత్రం ఆమె తండ్రి వద్ద ఈ రెండింటినీ నేర్చుకున్నది.