ఇసుక మీది అక్షరాలు

మదరాసులోని ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయానికి 1789లో పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్, దేశీయ బడిపిల్లలు ఇసుకలో వ్రేళ్లతో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన ఉపాధ్యాయులు ఆ పద్ధతిని అంగీకరించకపోగా, ఎనిమిదేళ్ల బాలునికే చిన్నపిల్లల తరగతి అప్పగించాడు. పాఠం చక్కగా సాగింది. 1797లో లండనులో వెలువడిన ఆయన గ్రంథం ద్వారా అది ‘మద్రాసు పద్ధతి’గా బ్రిటనులోని వేలాది పాఠశాలలకు చేరింది.

పెద్దపిల్లవాడు చిన్నవానికి చెబుతూ తన చదువును గట్టిపరచుకోవడం వీధిబడులకు కొత్త కాదు. ఇంగ్లండు దానిని అనుకరించడం సమంజసమేనని 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ (తెలుగు వ్యాకరణకర్త ఆయనే) ప్రభుత్వానికి వ్రాశాడు. ప్రజల పేదరికం వల్ల ఆ బడులే క్షీణిస్తున్నాయని అదే నివేదికలో తెలిపాడు. జిల్లాలో మిగిలిన 533 బడులలో ఒక్కదానికైనా ప్రభుత్వ సహాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానన్నాడు. అధికారిక నివేదికలలో అరుదుగా కనిపించే మాట అది.