శశకమునకు శాకము

ఆషాఢమాసమున మా ఓరుగల్లు భద్రకాళీ అమ్మవారిని శాకంభరిగా కాయగూరలతో అలంకరించుదురు. మా యింటి కుందేటికి మాత్రము శాకమనిన విముఖత. అంగట దొరకు గుళికల మేతకే దాని జిహ్వ వశమైనది.

"రెండు దినములు పస్తుంచుడు, అదే తినును" అని కొందరి హితవు. ఏకాదశీ ఉపవాసము మనకు వ్రతము. ఆ మూగజీవికి ప్రాణాంతకము. శశకము ఒక్క దినము ఆహారము మానినను ప్రేవుల చలనము స్తంభించి ప్రాణము మీదకు వచ్చును. కనుక ఎండుగడ్డిని సదా దాని ముందుంచి, గుళికలను క్రమముగా తగ్గించుచు, ప్రాతఃకాలమున కడిగిన కొత్తిమీర రెండు రెమ్మలు మాత్రమే గడ్డిలో కలిపితిని. ముట్టలేదు. మరునాడును అదే ఆకు. అయిదవనాడు వాసన చూచి ఒక రెమ్మ నమిలినది! గీతయందు మనోనిగ్రహమునకు చెప్పిన అభ్యాసము ఇచట వైరాగ్యము లేకయే ఫలించినది.

పిదప పుదీనా, తరువాత ముల్లంగి ఆకు. ఒక్కొక్కటిగా, మలమును గమనించుచు. క్యారెట్ మధురము గనుక చిన్న ముక్క చాలును. ఉల్లి, వెల్లుల్లి దానికి విషతుల్యములు. ఈ విషయమున అది మా అర్చక కుటుంబమున చేరినట్లే.

మెంతికూరను చూచి ఇంకను ముఖము త్రిప్పుకొనుచునే యున్నది. రేపు మరల పెట్టెదను.